సాటివారి తోడు: దాని ఫలితమును కొలుచుట ఎట్లు?

ఇరువదియైదేండ్ల క్రిందట హెచ్.ఐ.వి. సోకినదని వైద్యుడు చెప్పిన ఇంటిలో మొదట పుట్టిన ప్రశ్న, మందు దొరకునా అనునది. మందు కలదు గాని దాని వెల సామాన్య కుటుంబమునకు అందునది కాదు. 2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున ప్రభుత్వ కేంద్రములలో ఈ మందును ఉచితముగా ఇచ్చు పథకము ఆరంభమైనది. నాటినుండి ప్రశ్న మారినది. మందు చేతికి వచ్చినది. దానిని దినదినమును, ఏండ్ల తరబడి, ఎడతెగక వాడుట ఎట్లు? జ్వరమునకు మందు తిన్నవాడు జ్వరము తగ్గగానే మానును. ఇది అట్టిది కాదు. ఒంటిలో బాధ ఏమియు లేని దినమున కూడ మాత్ర మ్రింగవలెను. పెండ్లికి పోయినను, ప్రయాణములో ఉన్నను, ఇంట చుట్టములు దిగియున్నను మ్రింగవలెను.

ఈ నియమమును పాటించినవారికి కలుగు ఫలము గొప్పది. రక్తములోని వైరస్ పరీక్షకు సైతము అందనంతగా తగ్గిపోవును. అట్టివారు ఇతరులవలెనే ఉద్యోగములు చేసికొని, బిడ్డలను పెంచుకొని, దీర్ఘకాలము జీవింపగలరు. వైరస్ ఆ విధముగా అణగియున్నంత కాలము వారినుండి దాంపత్య సంపర్కము వలన మరియొకరికి వ్యాధి సోకదని కూడ నేడు నిశ్చయముగా తెలిసినది. కాని మాత్రలు తరచుగా తప్పినచో వైరస్ మరల విజృంభించును. ఆ మందునకు లొంగని రూపమును కూడ పొందవచ్చును. కావున జీవన్మరణముల భేదము కొంతవరకు ప్రతిదినమును వేసికొను ఆ చిన్న మాత్రలో ఉన్నది.

వైద్యుడు మందు వ్రాసి ఇచ్చును. కాని వరుసలో ఇంకను నలువదిమంది వేచియుందురు. ఇంటివారికి చెప్పుకొందమన్న, వారికి విషయము తెలియనే తెలియకపోవచ్చును. తనదాకా వస్తేగాని తెలియదని మనవారి సామెత. ఆ దారిని ముందు నడచినవాడు, ఆ మాత్రను తానును ప్రతిరాత్రి మ్రింగువాడు, వచ్చి ప్రక్కన కూర్చుండి, "నాకును మొదట ఇట్లే ఉండెను" అని చెప్పినచో ఆ మాటకు వేరొక బలము ఉండును. ఈ ఎరుకనుండి పుట్టినదే సాటివారి సేవ. హెచ్.ఐ.వి.తో జీవించువారే శిక్షణ పొంది, అదే స్థితిలో ఉన్న ఇతరుల ఇండ్లకు పోయి, మాటలాడి, మందు గుర్తుచేసి, చికిత్సాలయమునకు తోడుగా పోవుట ఇందలి పని.

ఈ భావమునకు చరిత్ర కలదు. 1983లో అమెరికాలోని డెన్వరు నగరమున ఎయిడ్స్ సోకిన కొందరు కూడి, తమను బాధితులని పిలువవద్దనియు, తమ విషయమున జరుగు నిర్ణయములలో తమకు పాలు ఉండవలెననియు ప్రకటించిరి. 1994 డిసెంబరు 1వ తేదీన పారిస్ నగరమున 42 దేశముల ప్రభుత్వములు ఈ సూత్రమును అంగీకరించి ప్రకటన చేసినవి. మన దేశమున హెచ్.ఐ.వి.తో జీవించువారి జాతీయ సంఘము 1997లో చెన్నైలో ఏర్పడెను. 2013లో దేశమంతట చికిత్సా కేంద్రములకు అనుబంధముగా సంరక్షణ కేంద్రములు నెలకొల్పబడి, వానిలో సాటివారిని సలహాదారులుగా నియమించిరి. తెలుగునాట ఈ విషయము దూరపు వార్త కాదు. 2021వ సంవత్సరపు జాతీయ అంచనాల ప్రకారము దేశమున వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు నూటికి 0.21 కాగా, ఆంధ్రప్రదేశమున 0.67, తెలంగాణమునందు కూడ జాతీయ సగటునకు రెండింతలకు మించియుండెను.

సాటివారి సేవ మంచిదని మనసునకు తోచును. కాని తోచుట వేరు, తెలియుట వేరు. ప్రజల సొమ్ము వ్యయమగుచున్నది. అంతకంటె ముఖ్యముగా మనుష్యుల ప్రాణములు దీనిపై ఆధారపడియున్నవి. ఫలము లేని సేవను మంచిదని నడుపుచు పోయినచో రోగి మోసపోవును. ఫలమున్న సేవను కొలుచుట రాక నిలిపివేసినచో అప్పుడును రోగియే నష్టపోవును. కావున ఈ సేవ యొక్క ఫలమును నిష్పక్షపాతముగా కొలుచుట ఎట్లో విచారింతము.

మొదట, ఏది కొలత కాదో చూతము. సాధారణముగా ఇట్టి సంస్థల వార్షిక నివేదికలలో ఇన్ని వేల ఇండ్లకు పోయితిమి, ఇన్ని వందల సమావేశములు జరిపితిమి అని వ్రాయుదురు. ఇది చేసిన శ్రమకు లెక్క, కలిగిన ఫలమునకు లెక్క కాదు. బావిలో చేద ఎన్నిమారులు వేసితిమన్నది ఒకటి, తొట్టిలో ఎన్ని నీళ్లు చేరినవన్నది మరియొకటి. రెండవది మెప్పు. సేవ పొందినవారిని అడిగినచో మేలు జరిగినదనియే చెప్పుదురు. ఇంటికి వచ్చి ఆదరముగా పలుకరించినవారిని నిందించుట ఎవరికి మనసొప్పును? పైగా ప్రశ్నకు దొరకినవారు సేవలో నిలిచియున్నవారే; విసిగి మానుకొన్నవారు ఆ గదిలో ఉండరు.

మూడవది, చూచుటకు నిజమైన కొలతవలె కనబడునది: సేవకు ముందు ఎట్లుండెను, తరువాత ఎట్లున్నది అను పోలిక. దీనియందలి లోపము రైతునకు చక్కగా తెలియును. ఒకడు ఈ యేడు పొలమున క్రొత్త ఎరువు వేసెను. పంట నిరుటికంటె పెరిగినది. అది ఎరువు మహిమయా, ఈ యేడు కురిసిన మంచి వానల ఫలమా? తెలిసికొనవలెనన్న ఒకే చేనిలో కొన్ని మళ్లకు ఎరువు వేసి, కొన్నింటికి వేయక, వానయు ఎండయు రెండింటికిని సమానముగా తగులునట్లు చేసి పోల్చవలెను. ఏ మడికి వేయవలెనో రైతు ఇష్టమునకు విడిచినచో సారవంతమైన మడినే ఎన్నుకొనవచ్చును గనుక, చీటీలు వేసి నిర్ణయించుట మేలు. వైద్య పరిశోధనలలో నేడు అనుసరించు ఉత్తమ పద్ధతి సారాంశమున ఇదియే. హెచ్.ఐ.వి. సేవలలో "వాన" అనదగినవి పెక్కు కలవు: క్రొత్త మంచి మందు రావచ్చును, చికిత్సాలయము దగ్గర కావచ్చును, పిల్లవాడు పెరిగి బుద్ధిమంతుడు కావచ్చును.

ఈ విధముగా సాటివారి సేవను చీటీల పద్ధతిన పరీక్షించిన ప్రసిద్ధమైన ఉదాహరణము ఆఫ్రికా ఖండమున జింబాబ్వే దేశమున జరిగినది. ఆ దేశమున హెచ్.ఐ.వి.తో పుట్టిన పిల్లలు మందుల పుణ్యమున బ్రతికి యౌవనమునకు వచ్చిరి. వారిలో అనేకులకు తల్లిదండ్రులు లేరు. వారి కొరకు 2004లో హరారే నగరమున ఒక చిన్న సహాయక బృందముగా ఆరంభమైన సంస్థ పేరు జ్వాందిరి. షోనా భాషలో ఆ మాటకు "నేనున్నట్లే" అని భావము. హెచ్.ఐ.వి.తో జీవించుచున్న 18 మొదలు 24 ఏండ్ల వయసు యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, తమకంటె చిన్నవారికి తోడుగా నియమించుట ఆ సంస్థ పద్ధతి. వీరు ఇండ్లకు పోవుదురు, ఫోనులో పలుకరింతురు, సందేశములు పంపుదురు, నెలనెలా జరుగు సమావేశములు నడుపుదురు. మాత్రలు తప్పుచున్నవారి ఇండ్లకు మరింత తరచుగా పోవుదురు. పిల్లలను పెంచుచున్న అవ్వతాతలకును, బంధువులకును కూడ వేరుగా సమావేశములు కలవు.

ఆ దేశపు బిందురా, షాంవా అను రెండు జిల్లాలలో 16 చికిత్సాలయములను ఎన్నుకొని, వానిలో సగమునందు జ్వాందిరి సేవను నడపి, తక్కిన సగమునందు ప్రభుత్వపు సాధారణ సేవను మాత్రమే ఉంచిరి. ఒక విషయము గమనింపదగినది. ఆ సాధారణ సేవలో కూడ పెద్దలైన సలహాదారులును, నర్సులును ఉండిరి. కావున పరీక్షకు పెట్టిన ప్రశ్న, ఏదో ఒక సహాయము మంచిదా అనునది కాదు. పెద్దల సలహాకు తోడు సాటివారి సేవను చేర్చినచో అదనముగా మేలు కలుగునా అనునది. 2016 ఆగస్టు మొదలు 2017 మార్చి వరకు 13 నుండి 19 ఏండ్ల పిల్లలను చేర్చుకొనిరి. లెక్కకు నిలిచినవారు 496 మంది. జ్వాందిరి పక్షమున 212, సాధారణ పక్షమున 284. వీరిలో నూటికి 81 మంది తల్లినో తండ్రినో ఇరువురినో కోల్పోయినవారు. ఆరంభమున ఉభయపక్షములను కలిపి చూడగా నూటికి 47 మందికి వైరస్ అణగియుండలేదు. ఒక మిల్లీలీటరు రక్తమున వైరస్ ప్రతులు 1000 గాని అంతకు మించి గాని ఉన్నచో అణగలేదని వారి లెక్క.

తొంబదియారు వారములు గడచిన పిమ్మట మరల పరీక్షించిరి. వైరస్ అణగనివారు గాని, మరణించినవారు గాని జ్వాందిరి పక్షమున 209 మందిలో 52 మంది, అనగా నూటికి 25. సాధారణ పక్షమున 270 మందిలో 97 మంది, అనగా నూటికి 36. ఆరంభముననే ఉభయపక్షముల మధ్య ఉన్న భేదములను లెక్కలో సవరించగా, సాటివారి సేవ ఉన్నచోట దుష్ఫలితము నూటికి 42 పాళ్లు తగ్గినదని తేలెను. 2020లో ఈ ఫలితము ప్రకటింపబడెను.

ఈ అంకెలను చదువు విధమును నేర్చుకొనుట ప్రయోజనకరము. ఆరంభమున నూటికి 47 అని చెప్పితిమి. పోలిక పక్షము లేకుండ, జ్వాందిరి చికిత్సాలయములను మాత్రమే చూచినచో, 47 నుండి 25కు దించితిమని సంస్థవారు చెప్పుకొనవచ్చును. కాని ఆ సేవ లేని చికిత్సాలయములలో కూడ స్థితి 36కు దిగినది. అది వాన పుణ్యము. ఎరువు పుణ్యము ఆ 36కును, 25కును మధ్య ఉన్న తేడాయే. నూటికి 11 మంది అనగా, సుమారు తొమ్మండుగురు పిల్లలకు రెండేండ్లకు చేరువగా సేవ చేసినచో, సాధారణ సేవలో చెడిపోవలసిన ఒక బిడ్డ నిలబడినాడని భావము. ఇది గోరంతను కొండంత చేసి చెప్పుట కాదు, తక్కువచేసి చెప్పుటయు కాదు.

మరియు ఆ 42 అను అంకె బండరాతిపై చెక్కిన అక్షరము వంటిది కాదు. పదునారు చికిత్సాలయములతో చేసిన పరీక్షయందు కొంత అనిశ్చయము తప్పదు. గణితజ్ఞులు ఆ అనిశ్చయమును కూడ లెక్కించి, నిజమైన తగ్గుదల నూటికి 6 మొదలు 64 వరకు ఎక్కడనైన ఉండవచ్చునని చూపిరి. మేలు కలిగినదన్నది బలముగా తెలిసినది. ఎంత మేలన్నది అంత ఖచ్చితముగా తెలియలేదు.

ఇంకొక విషయము. మరణించినవారిని వైరస్ అణగనివారితో కలిపి లెక్కించుట ఎందులకు? మొత్తము మీద 28 మంది ఆ కాలమున మరణించిరి. మరణించినవారికి రక్తపరీక్ష ఉండదు. వారిని లెక్కనుండి తొలగించినచో మిగిలినవారి స్థితి చూచుటకు మెరుగుగా కనబడును. పాఠశాలలో తప్పినవారిని బడినుండి పంపివేసి, మా బడిలో అందరును కృతార్థులైరని చెప్పుకొనుట వంటిది అది. అట్లే, ఎవరి ఫలితము దొరకలేదో వారి సంగతి కూడ చూడవలెను. ఈ పరీక్షలో అట్టివారు జ్వాందిరి పక్షమున 3, సాధారణ పక్షమున 14. కనబడకుండ పోయినవారు తరచుగా కష్టములో ఉన్నవారే అగుదురు. కావున ఏ నివేదికయందైనను మొదట వెదకవలసిన అంకె, ఎందరు బాగుపడిరి అనునది కాదు. ఎందరు లెక్కకు అందలేదు అనునది.

ఒక దేశపు ఒక పరీక్షను చూచి సర్వత్ర ఇట్లే ఉండునని నిర్ణయింపరాదు. ఉగాండా దేశపు రకాయి జిల్లాలో 2010లో ఫలితములు ప్రకటింపబడిన పరీక్షయందు 15 చికిత్సా స్థలములును, 1336 మంది రోగులును, 29 మంది సాటి కార్యకర్తలును ఉండిరి. చికిత్సకు చేరిన మొదటి ఆరు నెలలలోను, ఏడాదిలోను, ఏడాదిన్నరలోను చూడగా, సాటివారు పోయిన ఇండ్లకును, పోని ఇండ్లకును వైరస్ విషయమున చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కాని చికిత్స 96 వారములు దాటినవారిలో, సాటివారి తోడున్నచోట చికిత్స విఫలమగుట ఇంచుమించు సగమునకు తగ్గెను. దీని తాత్పర్యము ఊహింపవచ్చును. మొదటి దినములలో భయమే మనిషిచేత మందు మ్రింగించును. ఏండ్లు గడచి ఒళ్లు కుదుటపడి, జాగరూకత సడలినప్పుడే తోడు అవసరమగును. ఆ పరీక్షను ఏడాదికే ముగించియున్నచో ఈ సేవ వ్యర్థమని వ్రాసియుండెడివారు.

వియత్నాము దేశమున క్వాంగ్ నిన్ అను రాష్ట్రమున 640 మంది రోగులను 71 సమూహములుగా చేసి జరిపిన పరీక్షయందు మాత్రము రెండేండ్లు చూచినను వైరస్ విషయమున భేదము తేలలేదు. ఉభయపక్షములలోను చికిత్స విఫలమైనవారు నూటికి సుమారు 7 మంది మాత్రమే. జింబాబ్వే పిల్లలలో నూటికి 47 మంది కష్టములో ఉండిరి. ఇచ్చట అందరును ఇంచుమించు బాగుగనే ఉండిరి. నిండిన కుండలో ఎన్ని నీళ్లు పోయగలము? అయినను, వ్యాధి ముదిరిన పిమ్మట చికిత్సకు వచ్చినవారి విషయమున, ఏడాది గడచునప్పటికి, సాటివారి తోడు వలన జీవన సౌఖ్యము మెరుగుపడినదని ఆ పరిశోధకులే చూపిరి. కావున, సాటివారి సేవ పనిచేయునా అను ప్రశ్న అసంపూర్ణము. ఎవరికి, ఏ స్థితిలో, ఎంత కాలమునకు, దేనికంటె మేలుగా అని అడిగిననే దానికి సమాధానము దొరకును.

దేనిని కొలువవలెనో ముందే నిశ్చయించుకొనుట కూడ అంత ముఖ్యము. దీనికి దృష్టాంతము మరల జింబాబ్వేలోనే కలదు. 2022లో ప్రకటింపబడిన ఒక పరీక్షయందు 60 చికిత్సాలయములలో, మనోవ్యాకులతతో బాధపడుచున్న 842 మంది యువజనులను తీసికొనిరి. అందరికిని జ్వాందిరి సాటివారి సేవ ఉండెను. సగము చికిత్సాలయములలో ఆ సాటి కార్యకర్తలకు అదనపు శిక్షణ ఇచ్చిరి. ఎదుటివాని చింతలను ఓపికతో విని, వానిలో ఒకదానిని ఎన్నుకొని, పరిష్కారమును అతనిచేతనే వెదకించు పద్ధతి అది. నలువదియెనిమిది వారములకు మనోవ్యాకులత మిగిలియున్నవారు అదనపు శిక్షణ ఉన్నచోట నూటికి 2.4, లేనిచోట 10.3. మనస్సునకు కలిగిన మేలు స్పష్టము. కాని వైరస్ విషయమున ఉభయపక్షములకును భేదము తేలలేదు. రక్తపరీక్షను మాత్రమే చూచిన అధికారి ఈ అదనపు శిక్షణను దండుగ అని కొట్టివేయును. మనస్సును మాత్రమే చూచినవాడు సర్వరోగనివారిణి అని పొగడును. ఇద్దరును సగము సత్యమునే చూచినవారు. రాత్రివేళ నిద్ర లేక ఏడ్చు పదునారేండ్ల బాలిక ఏడ్పు మానుట, రక్తపరీక్షకు అందకపోయినను, ఫలితము కాకపోదు. అయితే దేని కొరకు సేవను ఆరంభించితిమో అది ముందే చెప్పి, దానినే కొలువవలెను. పంట చేతికి వచ్చిన పిమ్మట, మేము వేసినది వరి కాదు, గడ్డియే అని చెప్పుట తగదు.

అంకెలకు అందని సంగతులు రెండు మిగిలినవి. మొదటిది, సేవ చేయు సాటివాని స్థితి. అతడును రోగియే. ఇతరుల దుఃఖమును దినమెల్ల విని ఇంటికి వచ్చిన యువకునకు తన గాయము మరల రేగవచ్చును. తాను చూచుచున్న బిడ్డ మరణించినచో తన భవిష్యత్తే కన్నులకు కట్టును. అతనికి తగిన వేతనము, పైనుండి ఆదరము, తన బాధ చెప్పుకొనుటకు ఒక పెద్దదిక్కు ఉన్నవా అని అడుగని పరిశీలన అసమగ్రము. స్వచ్ఛంద సేవ అను మంచి పేరుతో పేదవారిచేత ఊరక పని చేయించుకొనుట సేవ కాదు.

రెండవది రహస్యము. ఏ ఇంటికి ఎవరు వచ్చి పోవుచున్నారో గ్రామమున అందరును చూతురు. హెచ్.ఐ.వి. కార్యకర్త అని తెలిసినవాడు వాకిట నిలిచినచో ఆ ఇంటి గుట్టు రట్టగును. మన దేశమున 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునకు వచ్చిన చట్టము, ఒకని అనుమతి లేక అతని హెచ్.ఐ.వి. స్థితిని బయటపెట్టుటను నిషేధించుచున్నది. కావున ఎన్ని ఇండ్లకు పోయితిరి అని అడుగుటతో పాటు, ఎందరు తమ ఇంటికి రావద్దని కోరిరి, వారిని మరియొక చోట కలిసికొనుటకు ఏర్పాటు కలదా అని కూడ అడుగవలెను.

ఈ కొలతలన్నియు పండితుల వినోదము కొరకు కాదు. 2025 జనవరిలో అమెరికా సంయుక్త రాష్ట్రములు తమ విదేశీ సహాయమును నిలిపివేసినప్పుడు ఆఫ్రికాలోని పలు దేశములలో సాటి కార్యకర్తలు అనేకులు పనినుండి తొలగింపబడిరి. ధనము తరిగినప్పుడు మొదట కోతపడునది ఇట్టి సేవయే. మందునకు వెల కలదు, వైద్యునకు పదవి కలదు. ఇంటింటికి పోయి పలుకరించు మనిషి లెక్కల పుస్తకమున అదనపు వ్యయముగా కనబడును. అట్టి దినమున, "మేము మంచి పని చేయుచున్నాము" అను మాట నిలువదు. "మేము లేనిచోట నూటికి 36, ఉన్నచోట 25" అను మాట నిలువగలదు. మంచి కొలత సాటివారి సేవకు శత్రువు కాదు. అదియే దానికి రక్ష.

మన ప్రాంతముల సంఘములు అన్నియు చీటీలు వేసి పెద్ద పరీక్షలు జరుపలేవు. అంత అవసరమును లేదు. అయినను ఏ చిన్న సంఘమైనను కొన్ని ప్రశ్నలకు ప్రతి సంవత్సరము సమాధానము వ్రాసికొనవచ్చును. సేవకు చేరినవారందరి పేర్లలో, ఏడాది చివర ఎందరి జాడ తెలియలేదు? వైరస్ అణగినవారు ఎందరు, పరీక్షయే జరుగనివారు ఎందరు? మన సేవ లేని ప్రక్క కేంద్రముతో పోల్చినచో ఎట్లున్నది? అందరికంటె ఎక్కువ కష్టములో ఉన్నవారికి మనము అందుచున్నామా, లేక సులభముగా దొరకువారినే మరల మరల చూచుచున్నామా? మన కార్యకర్తల ఆరోగ్యము ఎట్లున్నది? మరియు ఈ ప్రశ్నలను రూపొందించుటలో సేవ పొందువారికి పాలు కలదా? డెన్వరులో 1983లో అడిగినది ఇదియే కదా! తమకు ఏది మేలో చెప్పవలసినవారిలో మొదటివారు వారే.

ఇక ఇంట కూర్చుండి ఈ మాటలు చదువు మనకు ఏమి పని అని అడుగవచ్చును. సాటివారి సేవ ఎందులకు పుట్టినదో తలచుకొన్నచో తెలియును. తన ఇంటిలో, తన వీధిలో మాత్రను బహిరంగముగా మ్రింగలేని మనిషి కొరకు అది పుట్టినది. ఆ మనిషి మన చుట్టమే కావచ్చును, మన ఇంట పనిచేయువారే కావచ్చును. చుట్టములు దిగియున్న రాత్రి, డబ్బాను దాచుకొని పెరటిలోనికి పోవలసిన అగత్యము లేకుండ, ఒక గ్లాసు మంచినీళ్లు అడిగి అందరియెదుట మాత్ర వేసికొనగల ఇల్లు ఉన్నచో, సాటి కార్యకర్త చేయు పనిలో సగము ఆ ఇంటివారే చేసినట్లగును. మిగిలిన సగమునకు అతని తోడు ఎట్లును కావలెను. ఆ తోడు నిజముగా అందుచున్నదా లేదా అని శ్రద్ధతో లెక్క చూచుట, సేవ నడపువారును, దానికి ధనమిచ్చు ప్రభుత్వమును తీర్పవలసిన ఋణము.